మనకు చెలగాటం – పిల్లికి ప్రాణసంకటం

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అన్నారు మన పెద్దలు. ఎలుక పక్షాన చెప్పిన సామెత అది. ఎప్పుడో ఒకనాడు పిల్లి పక్షాన కూడా ఒక సామెత చెప్పవలసి వస్తుందని ఆ పెద్దలు ఊహించి ఉండరు. ఆ రోజు వచ్చిందని నా అభిప్రాయం.

సావనీరుకు వ్యాసం ఇమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు "విద్యార్థులు – దేశాభ్యుదయం" లాంటిది ఏదో రాస్తాననుకున్నారు. పిల్లి మీద రాస్తానంటే నవ్వారు. "ఏంట్రా, సైన్సు స్టూడెంటువి, అణుశక్తి మీద రాయొచ్చుగా" అన్నాడు ఒకడు. నవ్వితే నవ్వారు గాని, ఈ వ్యాసం చివరిదాకా చదివాక కూడా నవ్వొస్తే అప్పుడు చెప్పండి మిత్రులారా, వచ్చే ఏడు అణుశక్తి మీదే రాస్తాను.

మాది పామర్రు దగ్గర పల్లెటూరు. నాన్న రైతు. సొంతం కొంత, కౌలు కొంత. నేను బెజవాడ సత్యనారాయణపురంలో మా బాబాయి గారింట్లో ఉండి చదువుకుంటున్నాను. పోయిన ఏడాది మా చెల్లి, అంటే బాబాయి కూతురు, పుట్టినరోజుకి బాబాయి ఒక పిల్లికూనను కొనుక్కొచ్చాడు. దాని ధర వినేసరికి నాకు కళ్లు తిరిగాయి. మా నాన్న ఎకరానికి ఏడాదికి కట్టే కౌలు కన్నా ఎక్కువ! మా ఊళ్లో పిల్లిని డబ్బిచ్చి కొనడం అనే మాటే లేదు. పిల్లి దానంతట అదే వస్తుంది, గాదె కింద పిల్లల్ని పెడుతుంది, పోయే రోజున పోతుంది.

ఈ పిల్లి రూపం ముందు చెప్పాలి. తల గుండ్రంగా బంతిలా ఉంటుంది. కళ్లు గుడ్లగూబ కళ్లంత. చెవులు రెండూ ముందుకు మడతపడి నెత్తికి అతుక్కుని, దూరం నుంచి చూస్తే టోపీ పెట్టుకున్నట్టు ఉంటుంది. ఒళ్లు మామూలు పిల్లి ఒళ్లే, కాళ్లు మాత్రం బెత్తెడు. నడుస్తుంటే పొట్ట నేలకు రాసుకుంటుందేమో అనిపిస్తుంది. గుణం చాలా మెత్తన. గీరదు, కరవదు, ఎవరెత్తుకున్నా ఒళ్లో ఒదిగిపోతుంది. చెల్లి దానికి చిట్టి అని పేరు పెట్టింది.

మా నాయనమ్మకు పిల్లి ఎదురొస్తే పట్టింపు. ఊళ్లో నాటు పిల్లి అడ్డమొస్తే చెంబెడు నీళ్లు తాగి కాసేపు కూర్చునిగాని బయలుదేరదు. బెజవాడ వచ్చినప్పుడు చిట్టిని చూసి ఏమందో తెలుసా? "దీంతో భయం లేదురా, ఇది అడ్డమొచ్చే లోపల మనం ఊరెళ్లి రావచ్చు" అంది. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించే ఈ వ్యాసం.

* * *

ఈ పిల్లి ఒక జాతి కాదు. రెండు జాతుల సంకరం. మడత చెవులు ఒక వైపు నుంచి, పొట్టి కాళ్లు ఇంకో వైపు నుంచి వచ్చాయి. రెండింటి పుట్టుకా తెలుసుకోదగ్గదే.

మడత చెవుల కథ స్కాట్లండులో మొదలైంది. 1961లో పెర్త్‌షైర్‌లో కూపర్ ఆంగస్ అనే ఊరి దగ్గర ఒక రైతు పొలంలో సూసీ అనే తెల్ల పిల్లి ఉండేది. కొట్టంలో ఎలుకలు పట్టుకునే మామూలు రైతు పిల్లి, మా గాదె కింది పిల్లి లాంటిదే. చెవులు మాత్రం మడతపడి ఉండేవి. పొరుగున ఉండే విలియం రాస్ అనే గొర్రెల కాపరి ముచ్చటపడి సూసీ పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకుని పెంచాడు. స్కాటిష్ ఫోల్డ్ అనే జాతికి అదీ మూలం. ఇవాళ ప్రపంచంలో ఉన్న ఆ మడత చెవుల వంశమంతా సూసీ దగ్గరికే వెళుతుంది.

పొట్టి కాళ్ల కథ అమెరికాలోని లూసియానాది. 1983లో సాండ్రా హోచెనెడెల్ అనే సంగీతం టీచరుకు, కుక్క తరిమితే లారీ కింద దాక్కున్న ఒక చూలు పిల్లి దొరికింది. నల్ల పిల్లి, పొట్టి కాళ్లు. బ్లాక్‌బెర్రీ అని పేరు పెట్టింది. ఆ సంతతే మంచ్‌కిన్. ఈ రెండు వంశాలను కలిపితే వచ్చిన బాపతుది మా చిట్టి.

చూశారా, రెండు చోట్లా మనిషి మొదట చేసిన తప్పేమీ లేదు. ప్రకృతిలో ఒక జన్యువు దానంతట అదే మారింది. వింతగా ఉందని ఎవరో చేరదీశారు. అక్కడితో ఆగి ఉంటే అది దయ. అదే వింత మళ్లీ మళ్లీ పుట్టాలని జత కట్టించడం మొదలుపెట్టినప్పటి నుంచి అది వ్యాపారం.

* * *

పొట్టితనాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. మా ఇంట్లో ఉడికే అన్నమే పొట్టి వరి పెట్టిన అన్నం.

మా తాతయ్య కాలంలో వరి పైరు మనిషి నడుము దాటి ఎదిగేదట. చూడ్డానికి నిండుగా ఉండేది. కాని యూరియా కాస్త ఎక్కువైనా, కార్తీకంలో గాలివాన వచ్చినా, వెన్ను బరువుకు చేను చేనంతా నేలకొరిగేది. పడిన చేలో నీళ్లు నిలిచి గింజ మొలకెత్తేది. డెల్టా రైతుకు "చేను పడింది" అనే మాట చావు కబురుతో సమానం.

1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఐ.ఆర్.8 అనే వంగడాన్ని విడుదల చేసింది. పెటా అనే పొడుగు వరితో డీ-జియో-వూ-జెన్ అనే పొట్టి వరిని సంకరం చేసి తెచ్చింది అది. దాన్ని మన రాష్ట్రంలో మొదట సాగుచేసి విత్తనం పంచినవారిలో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన రైతు నెక్కంటి సుబ్బారావు గారి పేరు ఈనాటికీ చెప్పుకుంటారు. అది 1967 నాటి మాట. తర్వాత 1982లో మారుటేరు పరిశోధనా కేంద్రం నుంచి ఎం.టి.యు. 7029, అదే మన స్వర్ణ, వచ్చింది. పొట్టి కాండం గనుక ఎరువు వేసినా, గాలి వీచినా పైరు నిలబడింది. పంట పెరిగింది. మా ఇంటి పెంకుటిల్లు డాబా అయిందంటే, నేను కాలేజీ మెట్లు ఎక్కానంటే అందులో పొట్టి జన్యువు వాటా ఉంది.

కష్టాలు లేవా అంటే ఉన్నాయి. ఐ.ఆర్.8 అన్నం మొద్దుగా ఉంటుందని జనం పెదవి విరిచారు. గడ్డి పొట్టిదై పశువుల మేత తగ్గిందని రైతులు సణిగారు. అయినా ఒక్క సంగతి మాత్రం నిజం. పొట్టి చేసినందువల్ల వరి మొక్క మునుపటికన్నా గట్టిగా నిలబడింది.

పుంగనూరు ఆవు మాటేమిటి అని మీరు అడగవచ్చు. అదీ పొట్టిదే. కాని అది కాళ్లు ఒక్కటే కురచైన ఆవు కాదు. ఒళ్లు, కాళ్లు, తల అన్నీ ఒక కొలతలో చిన్నవి. చిత్తూరు జిల్లా మెట్ట నేలలో, తక్కువ మేతతో, పాలిస్తూ దుక్కి దున్నుతూ తరతరాలుగా బతికింది. పొట్టితనం దానికి బతుకుతెరువు. దాన్ని కూడా ఇంకా పొట్టిగా, ఇంకా ముద్దుగా చేసి డ్రాయింగు రూములో కట్టేసుకోవాలనే సరదా ఇప్పుడు మొదలైంది. ఆ సరదా ఎక్కడ ఆగాలో కూడా ఈ సందర్భంలోనే ఆలోచించుకోవడం మంచిది.

కాబట్టి పొట్టితనం తప్పు కాదు, సంకరం తప్పు కాదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే. మనం చేసిన మార్పు వల్ల ఆ ప్రాణి నిలబడిందా, కూలబడిందా? వరి నిలబడింది. మరి పిల్లి?

* * *

మడత చెవి ఎలా వస్తుందో చూద్దాం. చెవిని నిటారుగా నిలబెట్టేది మృదులాస్థి. ఈ పిల్లుల్లో ఆ మృదులాస్థి లోపంతో తయారవుతుంది. చెవి తన బరువు తాను మోయలేక వంగిపోతుంది. కూన పుట్టినప్పుడు చెవులు మామూలుగానే ఉంటాయి. మూడు నాలుగు వారాలకు మడత పడతాయి. అయితే మృదులాస్థి చెవిలోనే ఉండదు కదా! ప్రతి కీలులోనూ ఉంటుంది. చెవిలో ముద్దుగా కనిపించే లోపమే మడమలో, మణికట్టులో, తోకలో జబ్బుగా పనిచేస్తుంది. ఎముకలు వంకరగా, అదనంగా పెరిగి కీళ్లు బిగుసుకుపోతాయి. దీనికి కారణమైన మార్పు టి.ఆర్.పి.వి.4 అనే జన్యువులో ఉందని 2016లో తేల్చారు. ఇది బహిర్గత లక్షణం, ఒక్క ప్రతి ఉన్నా చాలు. రెండు ప్రతులు ఉన్నవాటికి జబ్బు చిన్నతనంలోనే తీవ్రంగా వస్తుంది. ఒక ప్రతి ఉన్నవాటికి కొన్నిటికి త్వరగా, కొన్నిటికి ఆలస్యంగా, కొన్నిటికి ఎక్కువగా, కొన్నిటికి తక్కువగా వస్తుంది. మడత చెవి ఉండి కీళ్లు పూర్తిగా ఆరోగ్యంగా ఉండే పిల్లిని మాత్రం ఆశించడానికి లేదు.

పొట్టి కాళ్ల జన్యువు ఇంకో రకం. అది యు.జి.డి.హెచ్. అనే జన్యువులో మార్పు అని 2020లో తెలిసింది. ఒక ప్రతి ఉంటే కాళ్లు కురచ. రెండు ప్రతులు వస్తే ఆ కూన తల్లి కడుపులోనే చనిపోతుంది.

ఇదంతా నాకు మొదట తెలియదు. తెలియకముందు నేను చేసిన పని చెబుతాను. సిగ్గుపడుతూనే చెబుతాను.

చిట్టికి తొమ్మిది నెలలు వచ్చాక, దాన్ని అమ్మినాయన బాబాయికి ఫోను చేశాడు. తన దగ్గర ఇదే రకం మగ పిల్లి ఉందని, జత కట్టిస్తే పుట్టిన కూనల్లో సగం ధర మాకని అన్నాడు. బాబాయి నన్ను పిలిచి, "నువ్వు సైన్సు చదువుతున్నావుగా అబ్బాయ్, ఆ లెక్కేదో నువ్వే చూసుకో. నీ ఫీజులకు పనికొస్తుంది" అన్నాడు. ఆ ఏడు మా చేను తుపానులో తడిసింది. ఫీజు మాట నాన్నని అడగడానికి నాకు నోరు రావడం లేదు. సరేనన్నాను. సరేననడమే కాదు, సంబరంగా నోటు పుస్తకం తీసి పన్నెట్ గారి పదహారు గళ్ల పట్టిక గీశాను. ఈత ఈతకూ ఎన్ని కూనలు, కూనకు ఎంత అని పక్కన రూపాయల్లో వేసుకున్నాను. జన్యుశాస్త్రం నాకు మొదటిసారి ఉపయోగపడిందని మురిసిపోయాను కూడా.

ఆ వారంలోనే చిట్టి దివాన్ ఎక్కడం మానేసింది. కింద నిలబడి పైకి చూసి అరిచేది. తోక ముట్టుకుంటే ముడుచుకుపోయేది. మనిషిలా పిర్రల మీద కూర్చుని, వెనక కాళ్లు ముందుకు చాపి, గోడకు వీపు ఆనించేది. అలా కూర్చోవడం చూసి అందరం నవ్వేవాళ్లం. చెల్లి ఫొటోలు తీసి స్నేహితులందరికీ పంపేది. చివరికి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఎక్స్‌రే తీసి వెలుతురుకు పెట్టి చూపించాడు. వెనక కాళ్ల మడమల చుట్టూ ఎముక సున్నం పేరుకున్నట్టు పెరిగి ఉంది. "అలా కూర్చునేది ముద్దుకి కాదమ్మా, కీళ్ల మీద బరువు పడకుండా ఉంటుందనే అయ్యుండొచ్చు. దీన్ని నయం చేసే మందు లేదు. నొప్పి తగ్గించగలం" అన్నాడు మా చెల్లితో.

తిరుగు ప్రయాణంలో ఆటోలో చెల్లి ఒక మాట అడిగింది. "అన్నయ్యా, మనం నవ్వినప్పుడల్లా దానికి నొప్పిగా ఉందా?" నేను జవాబు చెప్పలేదు.

ఆ రాత్రి నోటు పుస్తకం మళ్లీ తీశాను. అదే పట్టిక, అవే పదహారు గళ్లు. ఈసారి రూపాయలు కొట్టేసి చూశాను. తల్లీ తండ్రీ ఇద్దరూ చిట్టి లాంటివే అయితే పదహారింటిలో నాలుగు గళ్లు పుట్టకముందే పోతాయి. ఆరు గళ్లు చిట్టిలాగే మడత చెవులతో, పొట్టి కాళ్లతో పుడతాయి. మూడింటికి మడత చెవులు, మామూలు కాళ్లు. రెండింటికి పొట్టి కాళ్లు, మామూలు చెవులు. బతికిన పన్నెండు గళ్లలో మూడింటికి మడత జన్యువు రెండు ప్రతులూ ఉంటాయి, అంటే పసితనం నుంచే నరకం. చెవులూ కాళ్లూ రెండూ మామూలుగా ఉండేది పదహారింటిలో ఒక్క గడి. ఒకే ఒక్కటి!

ఈ లెక్క పరీక్షలో వస్తే నేను పూర్తి మార్కులు తెచ్చుకునేవాణ్ణి. మార్కులు వస్తాయి గాని, లెక్కలో ఉన్నవి ప్రాణాలని మన పట్టిక ఎక్కడా చెప్పదు.

* * *

జత కట్టించేది లేదని చెప్పేశాను. బాబాయికి కోపం వచ్చింది. "అందరూ చేస్తున్నదేగా" అన్నాడు. అమ్మినాయన, "మీరు చదువుకున్నోళ్లు, అన్నిటికీ అనుమానమే" అన్నాడు. అప్పుడు ఏదో పనిమీద నాన్న బెజవాడ వచ్చాడు. సంగతంతా విని చిట్టిని చేతుల్లోకి తీసుకుని, గిత్తను బేరమాడేటప్పుడు చూసినట్టే ముందు కాళ్లు, వెనక కాళ్లు తడిమి చూశాడు. "ఇది గాదె మీదికి ఎక్కుద్దా?" అని అడిగాడు. ఎక్కలేదన్నాను. "ఎలకను పట్టుద్దా?" పట్టలేదన్నాను. "కుక్క తరిమితే చెట్టెక్కుద్దా?" ఎక్కలేదన్నాను. "గిత్తను కొనేటప్పుడు ముందు కాళ్లు చూస్తాం, తర్వాతే మిగతాది. నడిచే కాళ్లు లేనిదాన్ని కావాలని పుట్టించడం ఏం రైతుతనంరా?" అన్నాడు. బాబాయి ఇంకేమీ అనలేదు. వాడూ రైతు కొడుకే కదా అని నాయనమ్మ అంది.

మేం రైతులం ధర్మాత్ములమని నేననను. మా గాదె కింద పిల్లి పోయింది ఎలా అనుకున్నారు? గట్ల బొరియల్లో ఎలుకలకు పెట్టిన మందు తిన్న ఎలుకను అది తిని, రెండో రోజుకు గడ్డివాము పక్కన పడి ఉంది. మందు పెట్టింది నాన్న. తాటాకు బుట్టలు పెట్టి ఎలుకల్ని పట్టే యానాదుల్ని పిలిస్తే సరిపోయేది, ఆ ఏడు పిలవలేదు. ఆ పిల్లిని పూడ్చిపెట్టి నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. రైతు కూడా ప్రాణి మీద పెత్తనం చేస్తాడు, పొరపాటూ చేస్తాడు. అవసరానికి చేసిన పొరపాటుకు ఒక బాధ ఉంటుంది. సరదాకి చేసిన పనికి ఆ బాధ కూడా ఉండదే, అదీ నా ఫిర్యాదు.

"మనుషులకే దిక్కులేని దేశంలో పిల్లి కీళ్ల నొప్పుల గొడవేమిటి?" అని విప్లవ మిత్రులు కొందరు అడుగుతారని తెలుసు. ఇది ఆకలికి సంబంధించిన గొడవ కాదు, నిజమే. ఆకలి తీర్చుకోవడానికి ఎవరూ ఈ పిల్లిని పుట్టించలేదు కూడా. ఉన్న డబ్బు ఎక్కువై, ఇతరుల దగ్గర లేనిది మన దగ్గర ఉండాలనే గొప్పకోసం పుట్టించారు. ఒక ప్రాణి ఎముకలు వంచి గొప్ప చూపించుకోవడం అలవాటైన మనిషి, తోటి మనిషి వెన్ను వంచడానికి మాత్రం జంకుతాడా?

ఇతర దేశాలు మేలుకున్నాయి. బ్రిటన్‌లో పిల్లుల జాతుల్ని నమోదు చేసే ప్రధాన సంస్థ 1970ల తొలి ఏళ్లలోనే మడత చెవుల పిల్లుల్ని నమోదు చేయడం మానేసింది. నెదర్లాండ్స్ 2014లో వీటిని పుట్టించడాన్ని నిషేధించింది. 2026 జనవరి 1 తర్వాత పుట్టినవాటిని పెంచుకోవడాన్ని కూడా నిషేధించింది. మన దేశంలో జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది. దాని కింద 2017లో కుక్కల పెంపకానికి, 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు నిబంధనలు వచ్చాయి. పిల్లుల జత విషయంలో కూడా స్పష్టమైన నిబంధన రావాలని నా అభిప్రాయం. కాని చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. కొనేవాడు లేకపోతే పుట్టించేవాడు ఉండడు.

* * *

ఇప్పటికే ఇంట్లో ఇలాంటి పిల్లి ఉన్నవాళ్లు ఈ వ్యాసం చదివి దాన్ని అసహ్యించుకోకూడదు. తప్పు దానిది కాదు. మేం వైద్యుణ్ణి అడిగి, చదివి, చేసి నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, ఆపరేషన్ చేయించండి. ఈ లక్షణం ఆ పిల్లితో ఆగిపోవాలి. రెండోది, బరువు పెరగనివ్వకండి. కీళ్ల మీద ప్రతి అదనపు తులమూ భారమే. పెరుగన్నం మీద పిల్లి బతకదు. దాని ఒంటికి మాంసంలోనో చేపలోనో దొరికే టారిన్ అనే పదార్థం తప్పనిసరి. పాలు ముద్దుగా పోస్తాం గాని, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. మూడోది, ఎత్తులు తగ్గించండి. ఇసుక తొట్టి అంచు పొట్టిగా ఉండాలి. నున్నటి టైల్సు మీద గోనెపట్టా పరవండి. మంచానికి, కిటికీకి వాలు చెక్క పెట్టండి. గోళ్లు అరగక పెరిగిపోతాయి, కత్తిరిస్తూ ఉండాలి. నాలుగోది, మడత కింద చెవిలో గులిమి పేరుకుంటుంది. వారానికోసారి చూసి, వైద్యుడు చెప్పిన మందుతో మెత్తగా తుడవండి, పుల్ల పెట్టి కెలకవద్దు. తోక పట్టి లాగవద్దు, వంచవద్దు. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టండి. మే నెలలో మన బెజవాడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. దట్టమైన బొచ్చున్న చలిదేశపు వంశం అది. నీడ, గాలి, మూడు నాలుగు చోట్ల నీళ్ల గిన్నెలు ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. నొప్పిగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ల పొరపాటున కూడా వేయకండి. పిల్లి ఒంట్లో దాన్ని విరిచే శక్తి లేదు. ఒక్క బిళ్లతో చచ్చిపోవచ్చు. కుక్కలకు గోమార్ల కోసం వాడే పెర్మెత్రిన్ మందులు కూడా పిల్లికి విషమే. నొప్పికి మందు పశువైద్యుడే ఇవ్వాలి. మనకు గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉంది, దగ్గర్లో దిక్కులేదనడానికి లేదు.

పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. కోపమొస్తే చెవులు వెనక్కి వాల్చి, భయమేస్తే పక్కకు వంచి, సంతోషమైతే నిక్కించి చెబుతుంది. మడత చెవుల పిల్లికి ఆ భాష కూడా సరిగా రాదు. చెవుల మాట మనమే తీసేశాం గనుక మిగతా గుర్తులు మనమే కనిపెట్టాలి. ఎక్కే చోటు ఎక్కకపోవడం, నడకలో బిగుసు, ఒళ్లు నాక్కోవడం మానేయడం, ముట్టుకుంటే చికాకు, ఇవన్నీ "నొప్పి" అనే మాటలే.

పిల్లి కావాలనే ముచ్చట ఉన్నవాళ్లకు ఒక మనవి. కాలవగట్ల మీద, రైతుబజారు వెనక, మన కాలేజీ కాంటీను దగ్గరే ఎన్ని నాటు కూనలు లేవు! నిక్కిన చెవులతో, పొడుగు కాళ్లతో, ధర లేకుండా దొరుకుతాయి. టీకా వేయించి, ఆపరేషన్ చేయించి ఇంట్లో పెట్టుకుంటే పదిహేనేళ్లు మీతో ఉండగలవు.

మన వైష్ణవ పెద్దలు మార్జాల కిశోర న్యాయం అని ఒకటి చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లికూన అలా కాదు, దాని భారమంతా తల్లిదే, తల్లే నోట కరుచుకుని భద్రమైన చోటికి చేరుస్తుంది. దేవుడు భక్తుణ్ణి మోసే తీరు చెప్పడానికి వాళ్లు వాడిన పోలిక అది. నాకు మాత్రం చిట్టిని చూసినప్పుడల్లా ఆ న్యాయం మన మీదికే తిరిగినట్టు అనిపిస్తుంది. గెంతలేని కూనను పుట్టించింది మనుషులం. దాన్ని బతికినన్నాళ్లూ మోయవలసిందీ మనమే.

పోయిన నెల నాన్న ఊరి నుంచి వస్తూ మా పాత ఎడ్లబండి చెక్క ఒకటి కోసి తెచ్చాడు. దాని మీద గోనెపట్టా బిగించి కిటికీకి వాలుగా కొట్టాడు. చిట్టి ఇప్పుడు మెల్లగా, ఆగి ఆగి, ఆ చెక్క మీద కిటికీ దాకా నడిచి, అక్కడ కూర్చుని వీధిలో పోయే నాటు పిల్లుల్ని చూస్తుంది. అవి ఒక్క గెంతులో గోడెక్కి పోతాయి.

ఆ నాటు పిల్లి గెంతును సృష్టి తయారు చేయడానికి లక్షల ఏళ్లు పట్టింది. దాన్ని పోగొట్టడానికి మనకు అరవై ఏళ్లు చాలాయి. వరి కాండాన్ని కురచ చేసి ఊళ్లకు అన్నం పెట్టిన శాస్త్రమే పిల్లి కాళ్లను కురచ చేయడానికీ పనికొచ్చింది. శాస్త్రానికి దారి తెలియదు, చూపించవలసింది మనం. రేపు మనలో కొందరు జన్యుశాస్త్రమే చదువుతారు, ప్రయోగశాలల్లో ఉద్యోగాలు చేస్తారు. అప్పుడు ఏ పట్టిక గీసినా గళ్ల పక్కన రూపాయలు వేసే ముందు, ఈ గడిలో పుట్టేది నిలబడుతుందా, కూలబడుతుందా అని ఒక్కసారి అడుగుతారని ఆశిస్తాను.

మన సరదా మన దగ్గరే ఉండాలి. ఇంకో ప్రాణి ఎముకల్లోకి దిగకూడదు. ఇదే నా మనవి.

– బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి